ఆకు రాల్చిన దేవగన్నేరు చచ్చిపోలేదు

సంధాత: నమస్కారం. ఈ రోజు మన మాట దేవగన్నేరు గురించి. హైదరాబాదులో సంక్రాంతి నాటికి ఈ చెట్టు మోడుగా మారుతుంది. ఎండిపోతోందని భయపడి చాలామంది రోజూ నీళ్లు పోస్తారు. అది మంచిదేనా అండీ?

అతిథి: కాదండీ, ఆ నీళ్లే దాని ప్రాణం తీస్తాయి. మెక్సికో, మధ్య అమెరికాల్లో ఏటా నెలల తరబడి వానలుండని చోట్ల పుట్టిన చెట్టు కనుక, లావాటి కొమ్మల్లో నీరు దాచుకొని, ఆకంతా రాల్చి విశ్రాంతి తీసుకుంటుంది. గోటితో బెరడును కాస్త గీరి చూడండి. లోపల పచ్చగా ఉండి తెల్లటి పాలు కారితే చెట్టు బతికే ఉంది. కొమ్మ మెత్తబడి లోపలికి నొక్కుకుపోతే కుళ్లు పట్టినట్టు.

సంధాత: ఏడాది పొడవునా పచ్చగా ఉండేవి కూడా కనిపిస్తాయి కదా?

అతిథి: అవి ప్లూమేరియా ఆబ్ట్యూసా అనే వేరే జాతి; వాటి ఆకు కొన గుండ్రంగా ఉంటుంది. ఆకు రాల్చే ప్లూమేరియా రూబ్రాకు కొన మొనదేలి ఉంటుంది, పూలు తెలుపు, పసుపు, గులాబీ, ఎరుపు రంగుల్లో పూస్తాయి.

సంధాత: చీకటి పడ్డాక పరిమళం ఎక్కువవుతుందెందుకు?

అతిథి: రాత్రి తిరిగే చిమ్మటల కోసమండీ. ఈ పువ్వులో మకరందమే ఉండదు. పరిమళాన్ని నమ్మి వచ్చిన చిమ్మట, తేనె కోసం పువ్వు పువ్వునూ వెతుకుతూ పుప్పొడిని మోసుకెళ్తుంది. ఈ చెట్టులో నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇదే.

సంధాత: మరి నాటడం ఎలా?

అతిథి: విత్తనంతో వచ్చిన మొక్క తల్లి చెట్టు రంగులోనే పూస్తుందన్న నమ్మకం లేదు కనుక కొమ్మనే నాటాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బూడిద రంగుకు తిరిగిన ముదురు కొమ్మను అడుగు, అడుగున్నర పొడవున కోసి, కోసిన చోట పాలు ఆరి గట్టిపడేదాకా వారం పది రోజులు నీడలో ఉంచాలి. ఆ పాలు కంట్లో పడితే మంట, కొందరికి చర్మంపై దద్దుర్లు వస్తాయి. చేతికి తొడుగు వేసుకోండి. తర్వాత ఎర్రమట్టి, ఇసుక సమంగా కలిపి నాలుగు అంగుళాల లోతున నాటి, ఊగకుండా కర్ర కట్టాలి.

సంధాత: నల్లరేగడి ఉన్నవారు?

అతిథి: గొయ్యి తీయకుండా, మట్టిని మెరకగా పోసి ఆ మెరకపై నాటాలి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. పై మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు పోయాలి, ఆకులు విచ్చుకొన్నాక పెంచాలి.

సంధాత: వానాకాలంలో ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తుంది, అదేమిటి?

అతిథి: తుప్పు తెగులండీ. ఆ ఆకులను, రాలినవాటితో సహా, ఏరి దూరంగా పారేయాలి. నీళ్లు ఆకులపై పడకుండా చెట్టు మొదలు దగ్గరే పోయండి.