పచ్చి పిండిని పొయ్యెక్కించొద్దు

యాంకర్: కావలి నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం డాక్టరు గారూ. మా బాబుకి మూడేళ్లు, 12 కేజీలు. గ్లైకోజెన్ స్టోరేజ్ జబ్బు, టైప్ 1ఎ అని జీన్ పరీక్షలో తేలింది. కార్న్‌ఫ్లోర్, అదే మొక్కజొన్న నుంచి తీసిన తెల్లటి గంజిపొడి, ఇస్తానే ఉండాం. అయినా తెల్లారేసరికి షుగర్ 48కి పడిపోతా ఉంది.

డాక్టర్: ఎట్లా కలిపి ఇస్తున్నారు?

కాలర్: పచ్చి పిండి బిడ్డకి అరగదని మా అత్త అంటే, పాలల్లో జావలాగా కాచి ఇస్తా ఉండాం.

డాక్టర్: దెబ్బ అక్కడే తగిలిందమ్మా. మీ బాబు లివర్‌కి దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలే శక్తి లేదు. పచ్చి పిండి రేణువు పేగులో మెల్లగా కరిగి గంటల తరబడి గ్లూకోజ్ అందిస్తుంది. కాస్తే రేణువు పగిలి, తొందరగా అరిగిపోతుంది. ఈ పచ్చి పిండి పద్ధతి 1984లో ప్రచురితమయ్యాకే చాలామంది పిల్లలకు రాత్రంతా ముక్కు గొట్టంతో గ్లూకోజ్ ఎక్కించే బాధ తప్పింది. పాలూ వద్దు. వాటిలోని గెలాక్టోజ్ ఈ బిడ్డలో లాక్టేట్ అనే ఆమ్లంగా మారుతుంది.

కేజీకి 1.6 గ్రాముల లెక్కన ఒక్క మోతాదు సుమారు 19 గ్రాములు. చెంచాతో కాదు, చిన్న త్రాసుతో తూయండి. 40 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో కలిపి వెంటనే తాగించండి, అడుక్కి దిగుతుంది. గింజల్ని మర పట్టించిన మామూలు మొక్కజొన్న పిండి, కస్టర్డ్ పౌడర్ దీనికి పనికిరావు. రాత్రి 10, 2, 6 గంటలకు ఇవ్వండి, రెండు ఫోన్లలో అలారం పెట్టుకోండి. మోతాదు, వేళలు మీ డాక్టరుతో ఖాయం చేసుకోండి. బాబు హుషారుగా ఉన్నాడని నమ్మొద్దు, లాక్టేట్ ఎక్కువుంటే షుగర్ పడినా లక్షణాలు కనపడకపోవచ్చు. మీటరే చూడాలి, 70కి తగ్గకూడదు. 48 చూసిన నిమిషంలో గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించండి, తర్వాత పచ్చి పిండి.

కాలర్: మలై కాజా, పండ్లు?

డాక్టర్: చక్కెర, తేనె, పండ్ల రసం, అన్నీ ఆపాల్సిందే. తీపి సిరప్ మందుల్లోనూ చక్కెర, సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉంటాయి, అడిగి తీసుకోండి.

కాలర్: మాది మేనరికం. ఇంకో బిడ్డ సంగతి?

డాక్టర్: ఇందులో మీ తప్పేమీ లేదమ్మా. ప్రతి గర్భానికీ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. బాబు జీన్ రిపోర్టు చేతిలో ఉంటే గర్భం 11 నుంచి 13 వారాల్లో ఉన్నప్పుడు కడుపులో బిడ్డకు పరీక్ష చేయించుకోవచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన జబ్బుల కేంద్రంగా ఉన్నాయి.

ఇంకొకటి. వాంతులై పిండి నిలవకపోతే ఇంట్లో ఆగొద్దు. దగ్గరి ఆసుపత్రిలో 10 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్, డ్రిప్ పెట్టించండి. లాక్టేట్ ఉండే రింగర్ లాక్టేట్ సెలైన్ వద్దని మీ డాక్టరు చేత చీటీ రాయించుకుని, బాబు సంచిలోనే ఉంచండి.