పెద్దింటి కాగితాల కట్టలు: విప్పడానికి ముందు చేయవలసిన పని

నమస్కారం. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో భూమీ రాజకీయమూ ఒకే గడపలో పెరిగిన ఇళ్లు చాలా ఉన్నాయి. తాతగారు జిల్లా బోర్డు సభ్యుడో, శాసనసభ్యుడో అయి ఉంటారు. నాలుగైదు గ్రామాల్లో సేద్యం ఉండి ఉంటుంది. ఆయన పోయిన తర్వాత అటక మీదా, భోషాణంలోనూ కాగితాల కట్టలు మిగులుతాయి. ఇల్లు పంచుకునే వేళ పొలం దస్తావేజులను మాత్రం వకీలుకు అప్పగించి, మిగిలినవాటిని పాత కాగితాల వ్యాపారికి తూకానికి వేసేస్తున్నారు. అలా వేయకముందు ఆ కట్టలను ఎలా సర్దుకోవాలో ఈ వీడియోలో చూద్దాం.

మొట్టమొదట, కట్ట విప్పకండి. అది ఏ గదిలో, ఏ పెట్టెలో, దేని కింద ఉందో రాసుకోండి. గుడ్డ రంగు, తాడు, పైన కట్టిన అట్టచీటీ మీది రాత, అన్నీ కనిపించేలా ఫోటో తీయండి. ఆ తర్వాతే ముడి విప్పి, కాగితాలు ఉన్న వరుసలోనే ఒక్కొక్కదానికి వెనుకవైపు మూలన మెత్తటి పెన్సిలుతో సంఖ్య వేయండి.

చాలామంది ఇక్కడే తొందరపడి ఆస్తి కాగితాలు ఒక వైపు, రాజకీయం ఒక వైపు, ఇంటి ఉత్తరాలు ఒక వైపు అంటూ మూడు కుప్పలు పోస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఎందుకో ఈ బల్ల మీది కాగితం చూస్తే తెలుస్తుంది. ఇది కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింది మడి పొలాల కట్టలోది. ఇంటివారి అనుమతితో చూపిస్తున్నాను, పేర్లు మూసి ఉంచాను. ముందువైపు ఎన్నికల ప్రచారానికి ఎద్దుల బండ్లు పంపినవారి జాబితా. ఇప్పుడు తిప్పుతున్నాను. వెనుకవైపు అవే పేర్లు, ఒక్కొక్క పేరు ఎదుట ఆ ఏడు వదిలివేసిన కౌలు ఎన్ని మూటలో లెక్క. దీన్ని రాజకీయం కుప్పలో వేస్తే కౌలు సంగతి కనిపించదు, ఆస్తి కుప్పలో వేస్తే ఎన్నిక కనిపించదు. ఆ ఇంటి అధికారం ఎలా నడిచిందో చెప్పేది ఈ రెండు వైపులూ కలిసిన ఒక్క కాగితమే.

దీని మీద తేదీ లేదు. ‘ఖర, ఫ 1361’ అని మాత్రం ఉంది. ఖర తెలుగు సంవత్సరం పేరు; ‘ఫ’ అంటే ఫసలీ, శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే 1951 వస్తుంది. ఫసలీ జూలై 1న మొదలవుతుంది కాబట్టి ఇది 1951 జూలై నుంచి 1952 జూన్ వరకు నడిచిన ఏడాది, అంటే మొదటి సార్వత్రిక ఎన్నికల కాలం. ఖర నామ సంవత్సరం 1891లోనూ వచ్చింది, 2011లోనూ వచ్చింది, కనుక సంవత్సరం పేరు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. రెండూ లేని కాగితాల్లో డబ్బు లెక్క చూడండి. మన దేశంలో నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అణాలు, దమ్మిడీలు ఉంటే దాదాపుగా అంతకు ముందుదే. స్టాంపు కాగితం మీద రాజు బొమ్మ ఉంటే, అయిదో జార్జి 1910 నుంచి 1936 వరకు, ఆరో జార్జి ఆ తర్వాత అని గుర్తుంచుకోండి. అయితే పాత స్టాంపు కాగితాలను దాచుకొని వాడేవారు కూడా ఉండేవారు.

దత్తమండలంలో, అంటే నిజాం ఆంగ్లేయులకు ఇచ్చిన ఈ జిల్లాల్లో, కలెక్టరు మన్రో కాలం నుంచి రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి ఉండటం వల్ల, ఈ ఇళ్లలో కోస్తా జమీందారుల వలె ఎస్టేటు మొత్తానికి ఒకే సనదు (ప్రభుత్వం ఇచ్చిన హక్కు పత్రం) దొరకడం అరుదు. పట్టాలు, కిస్తు (శిస్తు వాయిదా) రశీదులు, అడంగల్ (ఊరి పొలాల, పంటల లెక్క) నకళ్లు, తాకట్టు పత్రాలు, ఇనాం (మాన్యం) భూములుంటే వాటి హక్కు పత్రాలు గ్రామాల వారీగా చెల్లాచెదురుగా ఉంటాయి. గ్రామం పేరు, సర్వే నంబరు తప్పకుండా పట్టికలో రాయండి. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయిన తర్వాత వారి ఇళ్లలోనే ఉండిపోయిన లెక్కలతో వీటిని పోల్చడానికి ఆ రెండే ఆధారం.

1970ల నాటి కట్టలను మరింత జాగ్రత్తగా చూడాలి. 1973 నాటి భూసంస్కరణల చట్టం అయిదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని పరిమితి పెట్టింది. ఆ సంవత్సరాల్లో పుట్టిన భాగపరిష్కారాలు (ఆస్తి పంపకాల పత్రాలు), దాన దస్తావేజులు, తమకున్న భూమి ఎంతో ప్రభుత్వానికి తెలిపిన డిక్లరేషన్ల నకళ్లు, వకీళ్ల ఉత్తరాలు ఒకే చోట ఉంటే, శాసనసభలో చట్టం గురించి మాట్లాడిన మనిషి ఇంట్లో దాన్ని ఎలా ఎదుర్కొన్నాడో తేదీల వరుసలోనే తెలిసిపోతుంది. కుటుంబానికి ఇబ్బంది అనిపించవచ్చు. అయినా వాటిని తీసివేయకండి; కావాలంటే కొన్నేళ్లపాటు బయటివారికి చూపకూడదని షరతు పెట్టుకోండి.

సేద్యగాళ్ల జీతాల చిట్టాలను, ప్రామిసరీ నోట్లను పనికిరానివిగా ఎంచవద్దని నా ప్రత్యేక మనవి. గుండుసూది గుచ్చిన ఒక చిన్న చీటీలో ఏడాదికి ఎన్ని మూటల జొన్నలు, ఎన్ని పంచెలు, ముందుగా ఇచ్చిన అప్పు ఎంత అని ఉంటుంది, కింద వేలిముద్ర ఉంటుంది. ఆ మనిషి గురించి మరెక్కడా ఒక్క అక్షరం దొరక్కపోవచ్చు. అందుకే దీన్ని దొరగారి ఉత్తరంతో సమానంగా భద్రపరచాలి. అయితే ఇటువంటి చీటీల ఫోటోలను వాట్సాప్‌లో పంచుకోకూడదు; అప్పుపడినవారి మనవలు అదే ఊళ్లో ఉన్నారు.

ఇక భద్రం సంగతి. తుప్పు పట్టిన సూదులను లాగకుండా మెల్లగా తీయండి, లామినేషన్ చేయించకండి, చిరిగినచోట టేపు అంటించకండి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఉతికి ఆరబెట్టిన నూలు గుడ్డలో చుట్టి, నేలకూ గోడకూ తగలకుండా ఇనుప బీరువాలో పెట్టండి. ఎండలో ఆరవేయడం వద్దు. మన ఎండకు సిరా వెలిసిపోతుంది.

ఎక్కడైనా అప్పగించాలనుకుంటే, వారసులందరి సంతకాలతో ఒక ఒప్పందం రాసుకోండి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉన్న సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రంలో ముందుగా అడిగి చూడవచ్చు. అసలు కాగితాలు ఇస్తున్నారా, నకళ్లా, ఏ కట్టలు ఎప్పటివరకు మూసి ఉంచాలి, ఎవరి అనుమతితో ప్రచురించవచ్చు అన్నవి అందులో ఉండాలి. పెన్సిలుతో వేసిన సంఖ్యల పట్టికను ఆ ఒప్పందానికే జతచేసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.