ఇల్లు ఖాళీ చేయించే నోటీసు: తెలంగాణలో ఇంటి యజమానులు తెలుసుకోవలసినది

సభకు నమస్కారం.

ఈ రోజు ఇక్కడ ఉన్నవారిలో ఎక్కువమంది ఒకటో రెండో పోర్షన్లు అద్దెకిచ్చి, ఆ రాబడి మీద ఇల్లు నడుపుకొనేవారు. మీకు మొదట చెప్పవలసిన మాట ఏమిటంటే, నోటీసు ఇచ్చినంత మాత్రాన ఇల్లు ఖాళీ కాదు. అద్దెదారు తనంతట తాను వెళ్ళకపోతే అతన్ని పంపించే అధికారం కోర్టుకే ఉంటుంది. రేపు ఆ కోర్టులో న్యాయమూర్తి మొట్టమొదట చదివేది మీ నోటీసునే కాబట్టి, దాన్ని కోపంలో రాసి పంపడం మంచిది కాదు.

నోటీసు రాయకముందే మీ ఇల్లు ఏ చట్టం కిందికి వస్తుందో తేల్చుకోవాలి. మన రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఒకటి, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మరొకటి ఉన్నాయి. ఒకప్పుడు 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇళ్ళన్నిటికీ అద్దె నియంత్రణ నుంచి మినహాయింపు ఉండేది. పాతికేళ్ళు గడిచినా అదే తేదీని పట్టుకుని, ఒక ఇంట్లోని అద్దెదారుకు రక్షణ ఇచ్చి పక్కింటివాడికి ఇవ్వకపోవడం సమానత్వానికి విరుద్ధమంటూ సుప్రీంకోర్టు 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో ఆ నిబంధనను కొట్టివేసింది. ఆ తీర్పు న్యాయమైనదని నా నమ్మకం. తరువాత 2005లో వచ్చిన సవరణ ప్రకారం, కట్టి 15 ఏళ్ళు నిండని ఇళ్ళకూ, నెల అద్దె కార్పొరేషన్ల పరిధిలో రూ. 3,500, ఇతర ప్రాంతాలలో రూ. 2,000 దాటినవాటికీ ఆ చట్టం వర్తించదు. అందువల్ల నేడు నగరంలో అద్దెకున్న ఫ్లాట్లలో చాలా భాగం 1882 చట్టం కిందికే వస్తాయి.

ఆ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే గడువు రాసుకోనప్పుడు, నెలవారీ అద్దెకిచ్చిన ఇంటికి 15 రోజుల నోటీసు సరిపోతుంది. ఒప్పందంలో రెండు నెలలని ఉంటే రెండు నెలలే ఇవ్వాలి. పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసిన తరువాత కూడా మీరు అద్దె తీసుకుంటూ, అతను ఉంటూ వచ్చారంటే, అది సాధారణంగా నెలవారీ అద్దెగా మారుతుంది కాబట్టి, గడువు ఎప్పుడో తీరిందని నోటీసు మానుకోకండి. పూర్వం ఆ 15 రోజులు అద్దె నెల ఆఖరుతో ముగియాలన్న నియమం ఉండేది. ఒక్క రోజు తేడా వచ్చినా ఏళ్ళ తరబడి నడిచిన దావాలు వీగిపోయేవి. 2002 డిసెంబరు 31 నుంచి అమలైన సవరణ ఆ బాధను తొలగించింది. ఇప్పుడు గడువు నోటీసు అందిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. నోటీసులో రాసిన రోజులు తక్కువైనా, చట్టం చెప్పిన గడువు దాటిన తరువాత దావా వేసి ఉంటే, ఆ ఒక్క కారణంతో నోటీసు చెల్లకుండా పోదు.

నోటీసు రాతపూర్వకంగా ఉండాలి. యజమాని గాని, ఆయన తరఫున మరొకరు గాని సంతకం చేయాలి. ఇంటి నంబరు, అంతస్తు, పోర్షన్, అద్దె ఎంత, అది ఏ తేదీకి చెల్లించాలి, అద్దెకు ఎప్పటినుంచి ఉన్నారు, బకాయి ఏ నెలలది అన్నవి స్పష్టంగా రాసి, "ఈ నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు ముగియగానే మీ అద్దె హక్కు రద్దవుతుంది, ఇల్లు ఖాళీ చేసి నాకు స్వాధీనం చేయండి" అని సూటిగా చెప్పాలి. "వీలైనంత త్వరగా ఖాళీ చేయగలరు" అన్న మర్యాద వాక్యం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే దానివల్ల అద్దె ఎప్పుడు రద్దయిందో తేలదు.

దాన్ని పోస్టులో పంపవచ్చు, స్వయంగా ఇవ్వవచ్చు, ఇంట్లో కుటుంబ సభ్యులకు గాని పనివారికి గాని ఇవ్వవచ్చు. అవేవీ సాధ్యం కాకపోతే ఇంటి మీద అందరికీ కనబడేచోట అంటించవచ్చు. సరైన చిరునామాతో, రశీదు తీసుకుని పోస్టులో పంపిన కవరు "తీసుకోలేదు" అన్న పోస్టుమ్యాన్ రాతతో తిరిగి వస్తే చాలామంది అది వృథా అయిందనుకుని చింపేస్తారు. అలా చేయవద్దు. అద్దెదారు వేరుగా నిరూపించనంతవరకు అది అందినట్టే కోర్టులు భావిస్తాయి కాబట్టి, ఆ కవరును తెరవకుండా, పోస్టు రశీదుతో కలిపి భద్రపరచండి.

గడువు తీరిన తరువాత అద్దె పుచ్చుకుంటే, నోటీసును మీరే వదులుకున్నారని అద్దెదారు వాదించే వీలుంది. 1882 చట్టంలోని 113వ సెక్షన్ ఆ సంగతే చెబుతుంది. డబ్బు మీ ఖాతాలో జమ అయితే, దాన్ని అద్దెగా కాక, ఇంటిని వాడుకుంటున్నందుకు పరిహారంగా మాత్రమే తీసుకుంటున్నానని వెంటనే రాసి పంపండి.

పాత ఇల్లు, తక్కువ అద్దె అయి 1960 చట్టం వర్తిస్తే దారి వేరు. అక్కడ 106వ సెక్షన్ నోటీసు అవసరం లేదని సుప్రీంకోర్టు 1979లో ధనపాల్ చెట్టియార్ కేసులో తేల్చింది. అయితే బుద్ధిపూర్వకంగా అద్దె ఎగవేయడం, అనుమతి లేకుండా ఇతరులకు అద్దెకివ్వడం, మీ సొంత నివాసానికి నిజంగా అవసరం కావడం వంటి కారణాలలో ఒకదాన్ని ఆ చట్టం కింద అద్దె తగాదాలు విచారించే అధికారి అయిన రెంట్ కంట్రోలర్ ఎదుట రుజువు చేయాలి. మీరే అద్దె తీసుకోవడం మానేసి, తరువాత ఎగవేత అంటే కుదరదు. అలా నిరాకరించినప్పుడు అద్దె జమ చేయడానికి బ్యాంకు పేరు చెప్పమని మిమ్మల్ని అడిగి, ఆపై మనియార్డరు చేసి, చివరకు కంట్రోలర్ వద్ద జమ కట్టే హక్కును 8వ సెక్షన్ అద్దెదారుకు ఇచ్చింది.

ఇక తాళాల విషయం. అద్దె ఇవ్వని మనిషి మీద కోపం రావడం సహజమే. బ్యాంకు వాయిదాలు కట్టుకోలేక నలిగిపోయే యజమానుల కష్టం నాకు తెలుసు. అయినా నీళ్ళు, కరెంటు ఆపడం, అతను ఊరెళ్ళినప్పుడు తాళం మార్చడం, సామాను బయటపెట్టడం ఎంతమాత్రం తగవు. లోపల పిల్లలు, ముసలివాళ్ళు ఉంటారన్నది మరచిపోకూడదు. అలా బలవంతంగా బయటికి పంపితే, ఆరు నెలల లోపు నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి అద్దెదారు మళ్ళీ ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో ఇల్లు మీదేనన్న వాదన అడ్డురాదు.

నోటీసు గడువు దాటాక ఇంటి స్వాధీనానికీ, బకాయిలకూ, ఖాళీ చేయనందుకు నష్టపరిహారానికీ కలిపి ఒకే దావా వేయండి. డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, వచ్చాక కూడా అతను కదలకపోతే అమలు పిటిషన్ వేయాలి. అప్పుడు కోర్టు వారంటుతో అమీనా, అంటే కోర్టు ఉద్యోగి, వచ్చి ఇల్లు మీకు అప్పగిస్తాడు.