సంతకం చెల్లే రోజుల్లోనే

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఇంట్లో డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనాశక్తీ క్రమంగా తగ్గిపోయే జబ్బు ఉన్న అమ్మనో, నాన్ననో, అత్తమామలనో చూసుకుంటున్నవాళ్లే. ఈ పూట ఇక్కడికి రావడానికి ఇంట్లో ఎవరినో కూర్చోబెట్టి వచ్చుంటారు. మందుల సంగతి డాక్టర్లు చెబుతారు. నేను కాగితాల గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఆలస్యం చేస్తే మళ్లీ సరిదిద్దుకోలేనివి అవే.

డిమెన్షియా అని తేలగానే చాలా ఇళ్లలో మొదట జీపీఏ, అంటే తన తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం రాయిస్తారు. ఇక బ్యాంకూ పొలమూ అబ్బాయి చూసుకుంటాడని నిశ్చింతగా ఉంటారు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దయిపోతుంది. సరిగ్గా అవసరం పడే నాటికి ఆ కాగితం చెల్లదు.

అందుకని, విషయం అర్థం చేసుకుని తన నిర్ణయం తాను చెప్పగలిగిన దశలోనే, వాళ్ల ఇష్టంతోనే, సేవింగ్స్ ఖాతాను 'ఐదర్ ఆర్ సర్వైవర్'గా, అంటే ఇద్దరిలో ఎవరి సంతకంతోనైనా నడిచే ఉమ్మడి ఖాతాగా మార్పించండి. కేంద్ర ప్రభుత్వ పింఛను ఖాతా అయితే భార్యాభర్తల మధ్యే ఉమ్మడిగా ఉండాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఉమ్మడిదే అయినా, గడువుకు ముందు తీయాలంటే బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడగొచ్చు. పెద్ద మొత్తాన్ని ఐదేళ్లకు కట్టేయకుండా చిన్న డిపాజిట్లుగా, ఏడాది గడువుకు వేయండి. గడువు తీరగానే డిపాజిట్ దానంతటదే కొనసాగే ఆటో రెన్యూవల్ తీయించేయండి. లేకపోతే గడువు తీరిన రోజు మీరు గమనించకపోతే, డబ్బు మళ్లీ ఇరుక్కుంటుంది.

వీలునామాకు ఇద్దరు సాక్షులుండాలి. సంతకం చేసిన రోజు తేదీతోనే, రాసినవారు విషయం తెలిసే చేస్తున్నారని డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని జతచేయండి. తర్వాత కోర్టులో గొడవ వస్తే ఆదుకునేది అదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నామినేటెడ్ ప్రతినిధిని, అంటే వైద్య నిర్ణయాల్లో తనకు తోడుగా ఉండే మనిషిని, తెల్ల కాగితం మీద రాసి నియమించుకోవచ్చు. అది వైద్యానికే, ఆస్తికి పనికిరాదు.

సొంతంగా నిర్ణయం చెప్పగలిగే దశ దాటిపోయినవాళ్ల గతేమిటి? 1987 మానసిక ఆరోగ్య చట్టం కింద జిల్లా కోర్టు ఆస్తి చూసుకోవడానికి మేనేజర్‌ను నియమించేది. 2017 చట్టం దాన్ని రద్దు చేసి, ఆ చోట ఇంకేమీ పెట్టలేదు. ఆటిజం లాంటి కొన్ని వైకల్యాలున్నవాళ్లకు సంరక్షకుణ్ణి నియమించే నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది కానీ, దాని జాబితాలో డిమెన్షియా లేదు. ఇక సంరక్షకుణ్ణి నియమించమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడమే. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న ముసలి భార్య, తన భర్త డబ్బుతో తన భర్తకే వైద్యం చేయించడానికి హైకోర్టు మెట్లెక్కాలా? ఇది అన్యాయం. ఆ అధికారాన్ని జిల్లా కోర్టుకు తిరిగివ్వాలని మనం గట్టిగా అడగాలి.

సేవల విషయానికొస్తే, డెబ్భై దాటినవాళ్లకు ఆయుష్మాన్ కార్డు మీద ఏటా 5 లక్షల దాకా వైద్యం ఉంది. అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో ఆయా జీతానికి, డైపర్లకు ఆ కార్డు పనిచేయదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, మానసిక ఆరోగ్య సలహాల హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416. రెండింటికీ ఫోన్ చేయండి. నిద్రలేక, కోపం ఆపుకోలేక మీరే నలిగిపోతున్నప్పుడు కూడా 14416కి చేయొచ్చు. ఐతే ఫోను సలహా ఇస్తుందే కానీ, మీరు బయటికెళ్లి వచ్చేదాకా పెద్దాయన పక్కన కూర్చోదు. పగటిపూట నాలుగైదు గంటలు అప్పగించి వెళ్లగలిగే డే కేర్ ప్రతి జిల్లా కేంద్రంలో ఒక్కటైనా కావాలి. రవాణా ఖర్చు కూడా అందులోనే కలిపి అడగండి, ఆటోకే వందలు పోతే పేదవాళ్లు ఆ కేంద్రానికి రానే రారు.