మెదడులో ఎప్పుడు ఎవరి మాట చెల్లుతుంది?

పరీక్ష హాల్లో ప్రశ్న చదివారు. రాత్రి రెండుసార్లు చదివిన జవాబే, అయినా ఒక్క ముక్క గుర్తు రావట్లేదు, కానీ వెనక బెంచీలో ఎవరో పెన్ను కింద పడేస్తే ఆ చప్పుడికి మాత్రం ఉలిక్కిపడ్డారు. జవాబు ఎటు పోయింది?

ఎటూ పోలేదు. మెదడులో అంచెలుంటాయి. కళ్లు, చెవుల నుంచి వచ్చిన సమాచారం ముందు కింది అంచెలకి చేరుతుంది, పైకి వెళ్లేకొద్దీ గీతలు ముఖాలవుతాయి, చప్పుళ్లు మాటలవుతాయి. నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పై అంచెల్లో ఒకటి. అక్కడి నుంచి కిందికీ కబుర్లు వస్తాయి: ఇది చూడు, అది వదిలెయ్.

ఈ అంచెల్ని కలిపే నరాల తీగలన్నీ నిమిషంలో మారిపోవు. మారేది రసాయనాలు.

[స్క్రీన్ మీద: రెండు గాజు పాత్రలు, రెండు కప్ప గుండెలు]

1921లో ఓటో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకున్న వేగస్ నాడిని కరెంటుతో ప్రేరేపించాడు, గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ఉప్పు ద్రావణాన్ని తీసి రెండో గుండె మీద పోస్తే, ఏ నాడినీ ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది! ఆ రసాయనమే ఎసిటైల్‌కొలిన్. అదే మన మెదడులో శ్రద్ధ పెంచుతుంది: బయటి నుంచి వచ్చే సంకేతాలకి బలమిచ్చి, కార్టెక్స్ (మెదడు పై పొర) లోపల కణాలు తమలో తాము చెప్పుకునే మాటల్ని తగ్గిస్తుంది. అంటే రసాయనం ఒకటే, దాన్ని పట్టుకునే రిసెప్టర్‌ని (కణం మీద రసాయనాన్ని అందుకునే అణువుని) బట్టి, చోటుని బట్టి పని మారిపోతుంది. నాకు ఈ సబ్జెక్టు మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

ఇప్పుడు మళ్లీ పరీక్ష హాల్లోకి వద్దాం. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే బ్రెయిన్‌స్టెమ్‌లో లోకస్ సెరూలియస్ అని ఒక చుక్క ఉంది, లాటిన్‌లో నీలి మచ్చ అని అర్థం. మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లుంటే ఇక్కడున్నవి కొన్ని పదివేలే, కానీ వాటి తీగలు దాదాపు మెదడంతా పాకి నార్‌అడ్రినలిన్ అనే మరో రసాయనాన్ని వదులుతాయి. అది ఒక మోస్తరుగా ఉంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో ఆల్ఫా-2ఎ రిసెప్టర్లు దాన్ని పట్టుకుని అక్కడి కణాల మధ్య బంధాన్ని గట్టిపరుస్తాయి, ఆలోచన నిలుస్తుంది. టెన్షన్ ఎక్కువై అది పొంగిపోతే ఆల్ఫా-1 రిసెప్టర్లు కూడా రంగంలోకి దిగుతాయి, అప్పుడు అదే బంధం సడలుతుంది. పై అంచె గొంతు తగ్గి, చప్పుళ్లనీ ప్రమాదాన్నీ పసిగట్టే భాగాలది పైచేయి అవుతుంది.

పెన్ను చప్పుడు వినిపించింది అందుకే. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక, గుండె దడ తగ్గాక, జవాబు వరసగా గుర్తొచ్చేదీ అందుకే.