ఫోన్-ఇన్: తమ్ముని డిప్రెషన్ గోలీలు ఆపాల్నా?

యాంకర్: హలో, చెప్పండి, ఎక్కడ్నుంచి మాట్లాడుతున్నరు?

కాలర్: నర్సంపేట దిక్కు నుంచి మేడమ్. మా తమ్ముని గురించి. 19 ఏండ్లు, హన్మకొండల హాస్టల్ల ఉండి బీటెక్ చదువుతున్నడు, రెండు సబ్జెక్టులు పోయినయి, గప్పటిసంది తిండి లేదు దోస్తులతోని మాట లేదు, ఇంటికి తీస్కొచ్చి చూపిస్తే డిప్రెషన్ అని ఎస్సిటాలోప్రామ్ రాసిండ్రు. 10 రోజులైంది. ఇగ మా మామ ఫోన్ల ఏందో చూసి, ఈ గోలీలు ఏస్కుంటె పిల్లలు పాణం తీస్కుంటరట ఆపుండ్రి అన్నడు, అమ్మ నిన్న గోలీ ఇయ్యలే.

డాక్టర్: అది తర్వాత చెప్త బిడ్డా. నిద్ర పోతున్నడా?

కాలర్: లేదు మేడమ్, మూడు రాత్రులాయె. ఒక్కకాడ కూసుంటలేడు, ఊకె అటిటు తిరుగుడు, చిరాకు. అంతకుముందు పొద్దుందాంక పండుకునే ఉంటుండె.

డాక్టర్: చచ్చిపోవాలనిపిస్తుందని ఏమన్న అన్నడా?

కాలర్: మొన్న... నేను లేకుంటె మీకు ఫీజులు తప్పుతయి అన్నడు. అడుగుదామంటె, అడిగితె లేని ఆలోచన పుడ్తదేమోనని భయమైంది.

డాక్టర్: అడిగితె పుట్టది. సూటిగనే అడుగు, చాలామందికి చెప్పుకున్నంక కొంచెం తేలికైతది. ఇగ మీ మామ చూసింది ఉత్త పుకారేం గాదు. 2004ల అమెరికాల మందులను చూసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ పిల్లల విషయంల ఈ మందులకు హెచ్చరిక పెట్టింది, 24 ట్రయల్స్, అంటె మందు పరీక్షలు, కలిపి చూస్తె మందు ఏస్కున్నోళ్లల్ల నూటికి నలుగురికి పాణం తీస్కునే ఆలోచనలో ప్రయత్నమో కనబడ్డది, మందు లేని ఉత్త గోలీ ఇచ్చినోళ్లల్ల ఇద్దరికి. ఆ ట్రయల్స్‌ల ఒక్కరు గూడ పాణం తీస్కోలే, గీ ముక్క మాత్రం ఎవ్వరు ఫార్వర్డ్ చెయ్యరు. 2007ల ఆ హెచ్చరికను 24 ఏండ్లోళ్ల దాంక పెంచిండ్రు. 25 దాటినోళ్లల్ల పెరిగినట్టు కనబడలే, 65 దాటినోళ్లల్ల తగ్గింది గూడ. అట్లని మందు లేకుండ డిప్రెషన్‌ను వదిలేస్తె పాణం మీదికి తెచ్చేది అదే.

కాలర్: మరి మావోడికి?

డాక్టర్: మనసు తేటపడనీకె రెండు నుంచి నాలుగు వారాలు పడ్తది, కని ఈ నిద్ర లేకపోవుడు, నిలవలేకపోవుడు ముందే రావొచ్చు. మొదటి వారాలల్ల కనిపెట్టుకోని ఉండమనేది అందుకే. డోస్ తగ్గించుడా మార్చుడా అన్నది రాసిన డాక్టర్ చూస్తడు, ఇయ్యాల్నే పోవాలె, రేపు గాదు. నిన్నటిది కలిపి రెండు గోలీలు ఇయ్యకుండ్రి. మీ ఇంట్ల ఎవరికన్న నిద్ర లేకున్న హుషారుగ తిరుగుడు, ఎడాపెడా ఖర్చు పెట్టుడు, అట్లాంటిది ఉండెనా?

కాలర్: మా పెదనాయినకు ఉండె, మందులు గూడ వాడిండు.

డాక్టర్: అయితె అది డాక్టర్‌కు ఫస్ట్ చెప్పు. ఇది బైపోలార్, అంటె కొన్నొద్దులు కుంగుడు కొన్నొద్దులు మితిమీరిన హుషారు వచ్చే జబ్బు, అయితె ఈ గోలీ ఒక్కటే సరిపోదు, ఉల్టా అయితది. డాక్టర్ దొరకకుంటె వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన క్యాజువాలిటీకి తీస్కపోండ్రి, అందాక వాణ్ని ఒంటరిగ వదలకుండ్రి. రాత్రి ఏమన్న అయితె 14416కు ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్, మనసు బాధలకు సర్కారు హెల్ప్‌లైన్, తెలుగుల మాట్లాడుతరు. పత్తికి కొట్టే మందులు ఇంట్ల ఉన్నయా?

కాలర్: కొట్టంల ఉన్నయి.

డాక్టర్: ఇప్పుడే వేరేటోళ్లింట్ల పెట్టించు. గోలీల షీటు నీ దగ్గర్నే ఉంచుకోని రోజుది రోజు నువ్వే ఇయ్యి. అమ్మ పక్కకున్నదా?

కాలర్: ఉన్నది మేడమ్, ఏడుస్తున్నది.

డాక్టర్: ఫోన్ అమ్మకియ్యి, నేను మాట్లాడుత.