కూడబలుక్కుని చదివే పిల్లల పక్కన కూర్చుందాం

గ్రంథాలయ వారోత్సవాల సభకు వచ్చిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పాఠకులకు నమస్కారం.

మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలను అర్థం చేసుకుంటూ చదవగలగాలన్నది 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమ లక్ష్యాల్లో ఒకటి. అందులో 60 అన్న అంకెను పట్టుకున్నంత గట్టిగా, ‘అర్థం చేసుకుంటూ’ అన్న మాటను మనం పట్టుకోలేదని నా అభిప్రాయం. గడగడా చదివే బిడ్డను మెచ్చుకుంటాం, కూడబలుక్కునే బిడ్డను తొందరపెడతాం.

కూడబలుక్కోవడంలో ఎంత శ్రమ ఉందో గమనించండి. వర్ణమాల వచ్చినంత మాత్రాన తెలుగు చదవడం రాదు. గుణింతాలు పట్టుబడాలి, ఆపైన ఒత్తులు రావాలి, వాటిలో త, న, మ, య, ర, ల ఒత్తులకైతే అసలు అక్షరంతో పోలికే ఉండదు. ఇవన్నీ దాటుకుంటూ ‘చదువుకుంటున్నప్పుడు’ వంటి పదం చివరికి వచ్చేసరికి, మొదట పలికిన అక్షరాలు మనసులోంచి జారిపోతాయి. ధ్యాసంతా అక్షరాలను గుర్తుపట్టడానికే సరిపోయినప్పుడు అర్థానికి ఏం మిగులుతుంది? అక్కడ గద్దించకుండా, ‘చదువుకుంటున్న’, ‘అప్పుడు’ అని వేలితో విడదీసి చూపితే చాలు, తనకు ఎప్పటినుంచో తెలిసిన మాటే అది అని ఆ బిడ్డ పోల్చుకుంటుంది.

తప్పులన్నీ ఒకటి కావని కూడా చెప్పాలి. పుస్తకంలో ‘వెళ్తున్నాడు’ అని ఉంటే, తెలంగాణ పల్లెలో ఒక బాబు ‘పోతుండు’ అని చదివాడనుకోండి. వాడు అక్షరాన్ని దాటి అర్థాన్ని అందుకుని, దాన్ని ఇంటి మాటలో చెప్పాడు. నేనైతే ఆ క్షణంలో సంతోషిస్తాను. వాక్యం పూర్తయ్యాక, పుస్తకంలో ఆ మాట ఎలా రాసి ఉందో ఇద్దరం కలిసి చూస్తాం. వాక్యం మధ్యలోనే ఆపి సరిదిద్దితే, తన ఇంటి భాషే తప్పన్న భయం వాడిలో నాటుకుంటుంది. ఆ భయం ఒకసారి పట్టుకుంటే, వచ్చిన అక్షరాలు కూడా నోట్లోంచి బయటికి రావు.

ఇంట్లో చేయగలిగింది ఒకటుంది: ఒకే చిన్న కథను వరసగా కొన్ని రోజులు చదవడం. మొదటి రోజు పదాల కింద వేలు జరుపుతూ మీరు చదవండి, రెండో రోజు ఇద్దరూ గొంతు కలపండి, మూడో రోజు బిడ్డ చదువుతుంటే మీరు వినండి. చదివిన కథే మళ్లీనా అని పెద్దలకు విసుగు పుట్టవచ్చు గాని, నిన్న తడబడిన చోట ఈరోజు ఆగకుండా సాగిపోయానన్న ధైర్యం పిల్లలకు అందులోనే దొరుకుతుంది. చదవడం రాని తల్లులు వెనక్కి తగ్గవలసిన పని లేదు; పక్కన కూర్చుని విని, “తర్వాత ఏమైందమ్మా?” అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి బిడ్డ అర్థం వెతుక్కుంటూ చదవవలసిందే.

ఈరోజు ఇక్కడి నుంచి పుస్తకం తీసుకువెళ్లేటప్పుడు, దయచేసి తరగతిని చూసి ఎంచకండి. ఒక పేజీ చదివించి చూడండి. నాలుగైదు పదాల దగ్గర బిడ్డ ఆగిపోతే, ఆ పుస్తకాన్ని తిరిగి పెట్టేసి ఇంకా తేలికైనది తీసుకోండి.